నీళ్ళలో ముంచే బియ్యపు రేకు



విశాఖపట్నం నుంచి హౌరా వైపు వెళ్ళే రైలు కోటబొమ్మాళి దాటి నౌపడ చేరేసరికి కిటికీలోంచి కనిపించే నేల తీరు మారిపోతుంది. వరి చేలు వెనకపడి, పలచగా నీరు పెట్టిన మళ్ళు, గట్ల మీద తెల్లటి ఉప్పు గుట్టలు ఎదురవుతాయి. శ్రీకాకుళం జిల్లాలో పెద్దవాళ్ళకు నౌపడ అనగానే గుర్తొచ్చేవి రెండు. ఒకటి ఈ ఉప్పు. రెండోది పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు. 1900లో ఇక్కణ్ణుంచి పర్లాకిమిడికి మొదలైన ఆ బండి 1931 నాటికి గుణుపురం దాకా వెళ్ళింది, 2011లో బ్రాడ్‌గేజి పట్టాల మీదకు మారింది. రైలు కబుర్లు మరో రోజు చెప్పుకోవచ్చు. ఇవాళ్టి ప్రసంగం ఒక తిండి గురించి. పుట్టుక వియత్నాంది. కావలసిన సరుకు మాత్రం, ఒక్క రేకు తప్పించి, దాదాపు అంతా నౌపడ చుట్టుపక్కల సంతల్లో దొరికేదే.

దాని పేరు గోయ్ కువాన్. మన ఊళ్ళ హోటళ్ళలో రైస్ పేపర్ రోల్స్ అంటారు, కొన్నిచోట్ల సమ్మర్ రోల్స్ అని రాస్తారు. లోపలున్నదేమిటో బయటికి కనిపించేంత పలచటి బియ్యపు రేకు. దాని లోపల ఉడికించిన రొయ్యలు, సన్నటి బియ్యపు సేమ్యా, పుదీనా, కొత్తిమీర, కీరదోస ముక్కలు, పెసర మొలకలు. చేత్తో పట్టుకుని, చిన్న గిన్నెలోని సాస్‌లో ముంచి కొరుక్కు తినాలి. వేపుడు లేదు, తాలింపు లేదు, నూనె చుక్క లేదు. వియత్నాం దక్షిణ భాగంలో, సైగాన్ వీధుల్లో, ఇది మనకు సాయంత్రం పునుగులంత మామూలు. 1975లో యుద్ధం ముగిశాక దేశం విడిచి అమెరికా, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా చేరిన కుటుంబాలు ఈ వంటను కూడా వెంట తీసుకుపోయాయి. శాన్ హోసేలోనో హ్యూస్టన్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం పిల్లల్లో చాలామంది దీన్ని మొదటిసారి రుచి చూసింది అలాంటి కుటుంబాలు నడిపే హోటళ్ళలోనే. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు సూట్‌కేసులో ఒక ప్యాకెట్ రేకులు పడేసుకొస్తారు. ఆ ప్యాకెట్ వంటింటి అలమరలో కూర్చుంటుంది. దాన్ని ఏం చేయాలో అమ్మకు తెలియదు, తెచ్చినవాళ్ళకు ఓపిక ఉండదు.

తీరా ఎవరో ఒకరు పూనుకుని చేశాక వినబడే మాట ఒకటే: "చప్పగా ఉంది." నిజమే, చప్పగానే ఉంటుంది. ఉండాలి కూడా. మన కూరలో ఉప్పు, కారం, పులుపు ముక్కకు పట్టిస్తాం. వియత్నాం వాళ్ళు వాటన్నిటినీ విడిగా గిన్నెలో పెడతారు. రోల్ చల్లగా, పచ్చిగా, మెత్తగా ఉంటుంది. గిన్నెలోది ఉప్పగా, పుల్లగా, తియ్యగా, కారంగా ఉంటుంది. రెండూ నోట్లో కలిసినప్పుడే అది వంట అవుతుంది. కాబట్టి రేకు చిరిగినా, మడత వంకరైనా నష్టం లేదు. గిన్నెలోది కుదరకపోతే మొత్తం పోయినట్టే.

ఆ గిన్నెలో అసలు సరుకు ఫిష్ సాస్. వియత్నాం వాళ్ళ నుయోక్ మామ్. ఆ దేశంలో దీనికి బాగా పేరున్న చోటు ఫూకువోక్ అనే దీవి. వలలో పడ్డ నెత్తళ్ళను అక్కడ పడవ మీదే ఉప్పుతో కలిపేస్తారు. లెక్క సుమారు మూడు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు. రేవుకొచ్చాక మనిషి ఎత్తును మించిన చెక్క పీపాల్లో నింపి, పైన బరువు పెట్టి, ఏడాది వదిలేస్తారు. చేప కండ కరిగి, అందులోని మాంసకృత్తులు విడిపోయి, అడుగున ఎర్రటి తేట దిగుతుంది. తొలిసారి తీసిన తేటకు విలువ ఎక్కువ. సీసా మీద 30 అనో 40 అనో ఒక అంకె, పక్కన చిన్న సున్నా, ఎన్ అక్షరం ఉంటాయి. లీటరులో ఎన్ని గ్రాముల నత్రజని ఉందో చెప్పే అంకె అది. అంకె పెరిగినకొద్దీ రుచి చిక్కన. కొనేటప్పుడు సీసా బొమ్మను కాదు, ఆ అంకెను చూడాలి. 2012లో యూరోపియన్ యూనియన్ ఫూకువోక్ పేరుకు రక్షణ ఇచ్చింది, షాంపేన్ పేరుకు ఇచ్చినట్టే. మరెక్కడో తయారైన సాస్‌కు ఐరోపాలో ఆ పేరు పెట్టి అమ్మడం కుదరదు.

ఇక ఉప్పు. నౌపడ మళ్ళలో జరిగే పనిని కాస్త దగ్గరగా చూస్తే ఆ సీసాలోని రుచి సగం అర్థమవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అదంతా తినే ఉప్పు కాదు. కాలవలోంచి తోడిన నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్ళిస్తూ ఎండకు చిక్కబరుస్తారు. ముందు సున్నపు లవణాలు, తర్వాత జిప్సం అడుగున పేరుకుంటాయి. చిక్కదనం బోమే కొలతలో 25 డిగ్రీల దగ్గరికి వచ్చాక అసలు ఉప్పు గళ్ళు కడుతుంది. 30కి చేరువైతే మెగ్నీషియం లవణాలు కూడా దిగడం మొదలుపెడతాయి. అవి చేదు. అందుకే ఆ దశ ముదరకముందే మిగిలిన నీటిని వదిలేసి, గళ్ళను గట్టుకు లాగుతారు. జనవరిలో మొదలైన పని జూన్ వానలతో ఆగిపోతుంది. మధ్యలో ఒక్క వేసవి జల్లు పడినా వారం రోజుల చాకిరీ నీళ్ళలో కలిసినట్టే.

గట్టుకు లాగిన ఉప్పుకి కూడా కొంత చేదు నీరు అంటిపెట్టుకునే ఉంటుంది. గుట్ట పోసి తాటాకు కప్పి ఉంచితే, ఆ మెగ్నీషియం గాలిలోని తేమను పీల్చుకుని అడుగు నుంచి కారిపోతుంది. పాత ఉప్పుకి చేదు తక్కువ ఉండేది ఇందుకే. ఫూకువోక్ పీపాల వాళ్ళు కూడా కొత్త ఉప్పుని ముట్టుకోరు. ఉప్పు తెచ్చుకుని, నిలవ ఉంచి, చేదు దిగాకే చేపల్లో కలుపుతారు. ఆవకాయకు కళ్ళుప్పు ఎండబెట్టి దంచుకునే ఇళ్ళలో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఉప్పు ఉంది, నెత్తళ్ళున్నాయి, ఎండ ఉంది. మరి ఈ తీరంలో ఫిష్ సాస్ ఎందుకు పుట్టలేదు? భావనపాడు రేవులోనూ, ఈ జిల్లా పొడవునా ఉన్న మత్స్యకారుల ఊళ్ళలోనూ నెత్తళ్ళకు జరిగేది ఒక్కటే: ఇసుక మీదో, వల పరిచో ఎండబెట్టడం. చిన్న చేప, పలచటి ఒళ్ళు, మంచి ఎండ తగిలితే ఉప్పుతో పని లేకుండానే ఎండిపోతుంది. పీపాకు మాత్రం చేప బరువులో మూడో వంతు ఉప్పు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు సర్కారు గుత్తసొత్తు. తర్వాత్తర్వాత పన్ను ఎంత బరువైందంటే, చేపలకు ఉప్పు వేయడానికని ప్రభుత్వమే ప్రత్యేకంగా యార్డులు పెట్టి, పన్ను లేని ఉప్పుని అక్కడ మాత్రమే, లెక్క రాసి ఇచ్చేది. ఉప్పు మళ్ళ పక్కనే బతికే మనిషికి కూడా ఉప్పు అందని సరుకైన కాలం అది. అలాంటి చోట ఎవరు ఏడాది పాటు పీపా నింపి కూర్చుంటారు? ఎండే చవక.

అయితే పులిసిన చేప వాసన ఉత్తరాంధ్రకు మరీ కొత్తదేం కాదు. గోపాల్‌పూర్, విశాఖపట్నం రేవుల నుంచి ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళినవాళ్ళు, అంటే మన పల్లెల్లో "రంగం పోయినవాళ్ళు", ఈ ప్రాంతంలో వేలాదిమంది. రంగూన్ రేవులో మూటలు మోసే పని చాలాకాలం తెలుగు కూలీలదే. 1930 మే నెలలో అక్కడ పెద్ద అల్లర్లు రేగింది వాళ్ళ సమ్మె దగ్గరే. 1942లో జపాన్ బాంబులకు కొందరు, 1960లలో అక్కడి నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మరికొందరు తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్ ఆ చరిత్రకు మిగిలిన గుర్తు. బర్మా వంటింట్లో ఙాపి అనే పులిసిన చేపల ముద్ద లేకుండా పూట గడవదు. ఆ ఇళ్ళ పక్కన ఏళ్ళ తరబడి బతికినవాళ్ళకు ఫిష్ సాస్ సీసా మూత తీస్తే ముక్కు మూసుకోవాలనిపించదు. తక్కిన మనందరికీ ఒక సలహా: సీసాను వాసన చూసి తీర్పు చెప్పొద్దు. నిమ్మరసం, పంచదార కలిశాక చూడండి.

ఇప్పుడు రేకు సంగతి.

బియ్యాన్ని కాగితమంత పలచగా చేయడంలో తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. కోనసీమలో ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ బోర్లించిన కుండే పెనం. కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. జయ బియ్యాన్ని నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలకన్నా పలచగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులతో చాచి, కుండ మీద ఒక్క ఊపులో లాగుతారు. గుడ్డ అంచు కుండను వదిలే లోపే రేకు తయారవుతుంది. అంచు పట్టి పైకెత్తితే గాలికి కదులుతుంది. తడి మొత్తం కుండ వేడికే ఆవిరైపోతుంది కాబట్టి ఆ రేకు పెళుసు. అందుకే మడిచే ముందు తడిగుడ్డ చూపించాలి, నెయ్యి రాయాలి.

వియత్నాం పద్ధతి వేరు. అక్కడ నీళ్ళు మరుగుతున్న కుండ మూతికి గుడ్డ బిగించి, దాని మీద బియ్యపు పిండి గరిటెతో గుండ్రంగా పరిచి, మూత పెడతారు. నిమిషంలోపు ఉడుకుతుంది. వెదురు పుల్లతో ఎత్తి, వెదురు తడకల మీద ఆరేసి ఎండలో పెడతారు. ప్యాకెట్లోంచి తీసిన రేకు మీద చేత్తో తడిమితే తగిలే అల్లిక గీతలు ఆ తడకవే. ఇప్పుడు యంత్రాలు కూడా ఆ గీతలు అచ్చువేస్తున్నాయి. తైనిన్ రాష్ట్రంలో త్రాంగ్ బాంగ్ అనే ఊరివాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఎండిన రేకుని కొద్దిగా కాల్చి, తెల్లవారుజామున మంచులో ఆరేస్తారు. దాంతో అది నీళ్ళు తగలకుండానే మెత్తబడుతుంది.

మూతికి గుడ్డ కట్టిన కుండ మన ఆవిరి కుడుములదే. పిండిని ఆవిరి మీద పలచగా ఉడికించి, ఒలిచి, ఎండబెట్టడం ఆకు వడియాల పని; తమిళులు ఇలై వడాం అంటారు. అంటే ఈ రేకులో ప్రతి అడుగూ మన వంటింట్లో విడివిడిగా ఉంది. చివరి అడుగు దగ్గరే దారులు చీలాయి. ఎండిన రేకుని మనం నూనెలో వేశాం, వాళ్ళు నీళ్ళలో ముంచారు. నూనెలో వేస్తే పొంగి పప్పన్నంలోకి నంజుకునేది అయింది. నీళ్ళలో ముంచితే మెత్తబడి పచ్చి ఆకులు చుట్టుకునే గుడ్డ అయింది. పచ్చి ఆకులు పళ్ళెం నిండా పెట్టుకుని తినే అలవాటు మనకు లేదు; ఉన్నట్టయితే ఆకు వడియాన్ని ఎవరో ఒక అమ్మమ్మ ఎప్పుడో తడిపి ఉండేది.

బజారులో దొరికే రేకుల్లో బియ్యపు పిండితో పాటు కర్రపెండలం గంజిపొడి కూడా కలుస్తుంది. సాగే గుణం దాని వల్లే. ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్ళు పాత బియ్యపు పిండి రెండు పాళ్ళకు కర్రపెండలం పిండి ఒక పాలు కలిపి, గుడ్డ కట్టిన గిన్నె మీద ప్రయత్నించవచ్చు. శ్రీకాకుళం సన్నాలు పనికొస్తాయి. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన రకం అది. కొత్త బియ్యం మాత్రం వద్దు, జిగురుకి గుడ్డను వదలదు. నిజం చెప్పాలంటే సరదాకి ఒకసారి చేసి, తర్వాత ప్యాకెట్ కొనుక్కోవడమే మేలు. సైగాన్‌లో కూడా ఇళ్ళలో ఎవరూ రేకులు పోసుకోరు.

నలుగురికి పన్నెండు రేకులు, పాతిక మధ్యరకం రొయ్యలు సరిపోతాయి. ఈ తీరం వెంబడి చెరువుల్లో ఇప్పుడు పెరిగేది ఎక్కువగా వన్నామీ. అది లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య. 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతి వచ్చింది. వియత్నాం చెరువుల్లోనూ అదే. కాబట్టి ఈ విషయంలో అక్కడి రోల్‌కీ ఇక్కడి రోల్‌కీ తేడా లేదు. రొయ్యల్ని పెంకుతోనే ఉప్పు నీళ్ళలో రెండు నిమిషాలు ఉడికించి, ఎర్రబడి వంకర తిరగగానే తీసి చల్లటి నీళ్ళలో వేయాలి. పెంకు, నల్ల నరం తీసి, వీపు వెంట నిలువునా రెండు చెక్కలు చేయాలి. పులుసు ఉడికినంతసేపు ఉడికిస్తే రబ్బరే.

బియ్యపు సేమ్యా వేడి నీళ్ళలో వేసి, మెత్తబడగానే వంపి, చన్నీళ్ళు పోయాలి. నౌపడలో సేమ్యా దొరక్కపోతే టెక్కలిలో దొరుకుతుంది. లెట్యూస్ కోసం విశాఖ దాకా పరుగెత్తనవసరం లేదు. లేత క్యాబేజీ ఆకును వేడి నీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు, అదే పని చేస్తుంది. కీరదోస గింజలు తీసి పుల్లల్లా కోయాలి. పెసర మొలకలు, పుదీనా, కొత్తిమీర. వేసవిలో పుల్లటి మామిడికాయ సన్నగా కోసి రెండు పుల్లలు పెడితే, ఇది సైగాన్ వాళ్ళు కూడా నేర్చుకోవాల్సిన సంగతి అనిపిస్తుంది. పచ్చివే తింటున్నాం కాబట్టి ఆకుల్ని ఉప్పు నీళ్ళలో ఉంచి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టడం తప్పదు. తడి మిగిలితే రేకు లోపలి నుంచి కూడా నానిపోయి చిరుగుతుంది.

వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోయండి. చలికాలంలో గోరువెచ్చన కావాలి. మే నెలలో శ్రీకాకుళం జిల్లా కుళాయి నీళ్ళే అంత వేడిగా వస్తాయి, ఇంకేం కాచక్కర్లేదు. రేకుని ముంచి, మూడు నాలుగు సెకన్లు తిప్పి తీసేయాలి. అందరూ పొరబడేది ఇక్కడే. తీసినప్పుడు రేకు ఇంకా గట్టిగానే ఉంటుంది, ఇది నానలేదని మళ్ళీ ముంచుతారు. ముంచకూడదు. పైన పట్టిన నీరు లోపలికి దిగడానికి అర నిమిషం పడుతుంది. ఆకులు సర్దేలోపు అదే మెత్తబడుతుంది. పళ్ళెంలోనే మెత్తబడిన రేకు చేతిలోకి వచ్చేసరికి ముద్దవుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ప్యాకెట్ విప్పి వదిలేసినా రేకులు తేమ లాగి వంగిపోతాయి, డబ్బాలో పెట్టి మూత వేయాలి.

తడిపిన రేకుని పొడి చెక్క మీద పరిస్తే అతుక్కుపోతుంది. స్టీలు పళ్ళెం వెనకభాగమో, పిండేసిన తడిగుడ్డో మంచిది. మనవైపు అంచు నుంచి మూడో వంతు వదిలి క్యాబేజీ ఆకు, దాని మీద సేమ్యా, కీర, మొలకలు. బొటనవేలంత లావు మించకూడదు. ఆశకు పోతే పగులుతుంది. అవతలి సగంలో మూడు రొయ్య చెక్కలు వరసగా, ఎర్రటి వీపు కిందికి ఉండేలా పెట్టాలి. వాటి పక్కన రెండు పుదీనా ఆకులు. దగ్గరి అంచుని ఆకుకూర మీదుగా కప్పి, వేళ్ళతో వెనక్కి లాగి బిగించి, ఒక చుట్టు తిప్పాలి. అప్పుడు రెండు పక్కలూ లోపలికి మడిచి, రొయ్యల మీదుగా దొర్లించి ముగించాలి. అతికించడానికి ఏమీ అక్కర్లేదు, తడి రేకు తనకు తానే పట్టుకుంటుంది. తిప్పి చూస్తే ఒక్క పొర వెనక రొయ్యలు ఎర్రగా, పుదీనా పచ్చగా కనిపిస్తాయి. రెండు రోల్స్ తగిలేలా పెట్టొద్దు, విడదీస్తే రెండూ చిరుగుతాయి.

ఇక గిన్నెలోకి. ఫిష్ సాస్ మూడు చెంచాలు, పంచదార మూడు, నిమ్మరసం మూడు, నీళ్ళు తొమ్మిది నుంచి పన్నెండు. పంచదార ముందు నీళ్ళలో కరగాలి. వెల్లుల్లి, పండుమిరప కత్తితో సన్నగా తరిగి చివర్లో వేస్తే పైన తేలతాయి, నూరి వేస్తే మునిగిపోయి సాస్ మసకబారుతుంది. రుచి చూసేటప్పుడు ఉత్త సాస్ నాకి చూడకూడదు, అది ఎప్పుడూ ఘాటుగానే ఉంటుంది. ఒక కీర ముక్క ముంచి తిని, అప్పుడు సర్దుకోవాలి.

సీసా దొరకనిచోట సంతలో నెత్తళ్ళు దొరుకుతాయి. యాభై గ్రాముల ఎండు నెత్తళ్ళ తలలు తుంచేసి, గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు మార్లు కడగాలి. ఇసుక మీద ఎండినవైతే నాలుగోసారి కూడా. ఎత్తు బల్లల మీద ఆరబెట్టినవి దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అవే కొనడం మంచిది. నూనె లేకుండా దోరగా వేయించి, రెండు గ్లాసుల నీళ్ళు, రెండు చెంచాల కళ్ళుప్పు వేసి సన్న సెగ మీద సగం అయ్యేదాకా మరిగించి, గుడ్డలో వడగట్టాలి. ఏడాది పీపాలో ఊరిన లోతు దీనికి రాదు. కానీ సముద్రపు రుచి ఉంటుంది, నిమ్మరసంతో బాగా కలుస్తుంది. దీనికి నీళ్ళు అంతగా కలపనక్కర్లేదు.

చేప తిననివాళ్ళకు రెండో గిన్నె. దక్షిణ వియత్నాంలో సోయా ముద్దతో, వేరుశెనగతో చేసే చిక్కటి సాస్ కూడా ఈ రోల్స్‌కి అంతే ఇష్టంగా వాడతారు. వేయించి పొట్టు తీసిన వేరుశెనగపప్పు గుప్పెడు, నానబెట్టిన చింతపండు కొద్దిగా, బెల్లం, ఎండుమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా సోయా సాస్ కలిపి రుబ్బి, జారుగా నీళ్ళు పోసి ఒక్క పొంగు రానివ్వాలి. పలాస పక్కనే ఉన్నాం కదా అని వేరుశెనగ బదులు జీడిపప్పు వేయాలనిపిస్తుంది. వద్దు. జీడిపప్పు తియ్యగా, మెత్తగా ఉండి చింతపండుని మింగేస్తుంది. ఇక్కడ కావలసింది వేయించిన వేరుశెనగ కమ్మదనం, కాస్త చిరుచేదు. జీడిపప్పు పలుకులు పైన చల్లుకుంటే మాత్రం ఎవరూ కాదనరు. రొయ్యల బదులు పనీర్ కంటే, ఉడికించిన పుట్టగొడుగులో, గట్టిగా వేసిన గుడ్డట్టు పీలికలో బాగుంటాయి.

చేసినవి రెండు గంటల్లో తినేయాలి. ఉడికిన బియ్యపు సేమ్యాను, రొయ్యల్ని మన ఎండల్లో అంతకుమించి బయట ఉంచడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఫ్రిజ్‌లో పెడితే పాడవవు గానీ, రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి బిరుసెక్కడానికి ఏది కారణమో అదే కారణంగా రేకు కూడా బిరుసెక్కి పగులుతుంది.  అందుకే వియత్నాం ఇళ్ళలో చాలాసార్లు ముందే చుట్టి పెట్టరు. రేకులు, నీళ్ళ పళ్ళెం, ఆకులు, రొయ్యలు బల్ల మధ్యలో పెట్టి, ఎవరిది వాళ్ళు చుట్టుకుని తింటారు. పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా సులువు. తనే చుట్టుకున్న రోల్‌లో పచ్చి ఆకు ఉన్నా పిల్లవాడు వంక పెట్టడు.

ప్యాకెట్‌లో చివర మిగిలే విరిగిన రేకులు పారేయొద్దు. తడపకుండా కాగిన నూనెలో వేస్తే రెండు సెకన్లలో తెల్లగా పొంగుతాయి. మర్నాడు పప్పుచారులోకి పనికొస్తాయి.